బేరం ఎక్కడ ఆడాలి, ఎక్కడ ఆపాలి

సరుకు అమ్మేవారు మొదట చెప్పిన ధరకూ కొనేవారు చివరికి చెల్లించే ధరకూ మధ్య నడిచే మాటల వ్యవహారాన్ని బేరం అంటారు. ఆ మాటల వెనుక ఇరుపక్షాలూ బయటపెట్టని రెండు అంకెలు ఉంటాయన్న సంగతి గ్రహించినవారికే ఈ విద్య పట్టుబడుతుంది. ఇంతకన్నా తగ్గితే గిట్టదని అమ్మేవారు మనసులో పెట్టుకున్నది అడుగు ధర. ఇంతకు మించి పెట్టలేమని కొనేవారు అనుకున్నది పై ధర. పై ధర అడుగు ధర కన్నా ఎక్కువగా ఉన్నప్పుడే బేరం కుదురుతుంది, లేనప్పుడు పొద్దుగూకేదాకా వాదించినా కుదరదు. కుదిరిన బేరంలో తేలేదల్లా ఈ రెండు అంకెల నడుమ ఉన్న జాగాలో ఎవరి వాటా ఎంత అన్నది మాత్రమే. ఎదుటివారి అంకెను దగ్గరగా ఊహించగలిగినవారికి అందులో పెద్ద వాటా దక్కుతుంది కనుక, బేరగాడికి గొంతు బలం కన్నా ముందుగా సంపాదించుకున్న సమాచారమే అక్కరకు వస్తుంది.

2016 అక్టోబరు 11న ఖమ్మం జిల్లా నుంచి విడివడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, కనకగిరి గుట్టల అడవిని ఆనుకుని ఉన్న చండ్రుగొండ వంటి మండలంలో ఈ విషయాన్ని అధ్యయనం చేయడం ప్రత్యేకంగా ఉపయోగపడుతుంది. ఎందుకంటే ఇక్కడి కుటుంబం, అది కోయగూడెందైనా, లంబాడా తండాదైనా, మైదానం నుంచి వచ్చి స్థిరపడిన రైతుదైనా, ఒకే నెలలో నాలుగు రకాల అంగళ్లలో డబ్బు ఖర్చు చేస్తుంది. కూరగాయలూ ఎండుచేపలూ వారసంతలో, ఉప్పూ పప్పూ ఊళ్లోని కిరాణా దుకాణంలో, పత్తి విత్తనాలూ ఎరువులూ మందుల దుకాణంలో, పెళ్లి బట్టలో ఫ్రిజ్జో కొనవలసి వస్తే కొత్తగూడెంలోనో సత్తుపల్లిలోనో ఖమ్మంలోనో కొంటారు. ఈ నాలుగు చోట్లా బేరం పద్ధతి వేరు, బేరానికి ఉన్న జాగా వేరు, బేరమాడే హక్కు కూడా వేరు. చాలామంది అన్నిచోట్లా ఒకే పద్ధతిని ప్రయోగించి, సంతలో బుట్ట ముందు కూర్చున్న అమ్మ దగ్గర ఐదు రూపాయలు తగ్గించుకుని, పురుగుమందుల దుకాణంలో ఐదువేలు మారుమాట లేకుండా ఇచ్చి వస్తారు. ఈ అధ్యాయం ఆ తప్పును సరిదిద్దడానికే ఉద్దేశించబడింది.

ధర ముందే రాసిపెట్టి అందరికీ ఒకే రేటుకు అమ్మడమన్నది వాణిజ్య చరిత్రలో ఇటీవలి విషయం. పారిస్ నగరంలో 1852లో అరిస్టీడ్ బూసికో అనే వర్తకుడు బాన్ మార్షే దుకాణంలో భాగస్వామిగా చేరి, ప్రతి వస్తువు మీదా ధర రాసి, బేరం లేకుండా అమ్మే పద్ధతిని విస్తారంగా అమలుచేశాడు. అమెరికాలో జాన్ వానమేకర్ వంటి దుకాణదారులు అదే దారిలో నడిచారు. పెద్ద దుకాణంలో పనిచేసే పదులకొద్దీ గుమాస్తాలకు బేరమాడే అధికారం ఇస్తే యజమాని నష్టపోతాడన్నది ఈ మార్పుకు ఒక ముఖ్య కారణం. అమ్మేవాడే యజమాని అయిన చోట బేరం నేటికీ బతికి ఉండటానికీ, జీతగాడు అమ్మే చోట అది లేకపోవడానికీ మూలం ఇక్కడే ఉంది. కనుక కొనుగోలుదారు దుకాణంలో అడుగుపెట్టగానే గమనించవలసిన మొదటి విషయం, ఎదురుగా ఉన్న మనిషికి ధర తగ్గించే అధికారం ఉన్నదా లేదా అన్నది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవారితో తేలవలసిన మాటను బట్టలు మడతపెట్టే కుర్రవాడితో మాట్లాడితే ఇద్దరి సమయమూ వృథా అవుతుంది.

బజారు బేరాన్ని శాస్త్రీయంగా పరిశీలించినవారిలో అమెరికన్ మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ ముఖ్యుడు. మొరాకో దేశంలోని సెఫ్రూ పట్టణపు బజారును పరిశీలించి 1978లో ప్రచురించిన వ్యాసంలో ఆయన, అటువంటి బజారులో సరుకు కన్నా సమాచారమే కరవని, నాణ్యత ఏమిటో, సరైన ధర ఎంతో, పక్క అంగడిలో ఏమి నడుస్తున్నదో ఎవరికీ పూర్తిగా తెలియదని, అందువల్ల వెతకడమే అక్కడి ప్రధాన పని అని వాదించాడు. ఆయన చేసిన రెండు విభజనలు సంతకు వెళ్లే ప్రతివారికీ పనికొస్తాయి. మొదటిది విస్తృతమైన వెతుకులాట, అంటే ఒకే సరుకుకు పదిమందిని ధర అడగడం; రెండవది లోతైన వెతుకులాట, అంటే ఒకే అమ్మకందారు దగ్గర నిలబడి ప్రశ్న మీద ప్రశ్న వేస్తూ సరుకు గుట్టు తేల్చుకోవడం. ఎక్కడ కొన్నా ఒకేలా ఉండే సరుకుకు మొదటి పద్ధతి సరిపోతుంది. ఒకే కంపెనీ సబ్బుకు గాని, అదే రకం ఉల్లిగడ్డకు గాని నలుగురిని అడిగితే చాలు. ఒకదానితో ఒకటి పోలని సరుకుకు, అంటే మేకపోతుకో, పాత బండికో, కొత్త చింతపండు బుట్టకో, రెండవ పద్ధతే శరణ్యం. పదిమంది దగ్గర మేకల ధరలు అడిగి వచ్చినవాడి కన్నా, ఒక్క మేక పళ్లు చూసి, దాని వయసూ ఈతలూ విచారించినవాడు మెరుగైన బేరం చేస్తాడు.

ఇక అచ్చు ధర ఉన్న పొట్లాల సంగతి. తూనికలు కొలతలకు సంబంధించిన 2009 నాటి చట్టం, దాని కింద 2011లో వచ్చిన ప్యాకింగు సరుకుల నియమాల ప్రకారం పొట్లం మీద నికర బరువు, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులూ కలిసిన గరిష్ట చిల్లర ధర తప్పక ఉండాలి. గరిష్టం అన్న మాటను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి: అంతకు మించి అమ్మడం నేరం, అంతకు తగ్గించి అమ్మడం పూర్తిగా చట్టబద్ధం. శీతల పానీయం చల్లబరిచినందుకు రెండు రూపాయలు అదనమనడం చెల్లదు. మరోవైపు అచ్చు ధర నుంచి తగ్గించమని అడగడంలో అగౌరవమేమీ లేదు. అయితే పేరున్న కంపెనీ సరుకు మీద ఊరి కిరాణా దుకాణదారుకు మిగిలేది కొద్దిపాటే కనుక, పది రూపాయల బిస్కెట్ పొట్లం దగ్గర బేరం మొదలుపెట్టడం తెలివి అనిపించుకోదు. నెల సరుకులన్నీ ఒకేసారి, నగదుకు, ఒకే దుకాణంలో కొని మొత్తం చీటీ మీద తగ్గింపు అడగడం సబబైన పద్ధతి. లాభం ఎక్కువ మిగిలే పప్పులు, మసాలా దినుసులు, బెల్లం వంటి విడి సరుకులు ఆ చీటీలో ఉన్నప్పుడు దుకాణదారుకు తగ్గించే వీలు కూడా ఎక్కువగా ఉంటుంది. తయారీదారులు ధర పెంచకుండా బరువు తగ్గించే అలవాటు పెరిగింది కనుక పొట్లం సైజును చూడక, గ్రాముకో కిలోకో ఎంత పడుతున్నదో తెలిపే యూనిట్ ధరను చూడాలి. దీన్ని కూడా పొట్లం మీద ముద్రించాలని నియమాలు కోరుతున్నాయి.

ధర కన్నా తూకమే ముఖ్యమన్న మాటను ఈ అధ్యాయంలో అన్నిటికన్నా గట్టిగా చెప్పవలసి ఉంది. కిలోకు ఐదు రూపాయలు తగ్గించుకోవడానికి పావుగంట వాదించి, కాటా వైపు చూడకుండా సంచీ పట్టినవారు, వందగ్రాముల తరుగులో ఆ ఐదింటికన్నా ఎక్కువే పోగొట్టుకోవచ్చు. కిలో 80 రూపాయల పచ్చిమిర్చిని 75కు ఒప్పించినవారికి 900 గ్రాములే అందితే, వారు నిజానికి కిలోకు 83 రూపాయలకు పైగా ఇచ్చినట్టు. బేరం గెలిచి సరుకులో ఓడినట్టు. మరీ ఎక్కువగా ఒత్తిడి పెట్టిన కొనుగోలుదారుకు ఆ తగ్గింపు తూకంలోనో నాణ్యతలోనో తిరిగి వసూలు కావడం అన్ని దేశాల బజార్లలోనూ ఉన్నదే. గీర్ట్జ్ సైతం, ధర కదలని చోట పరిమాణం, నాణ్యత కదులుతాయని గుర్తించాడు.

సంతలో చాలా సరుకులు తూకానికి కాక పోగులకు, డబ్బాలకు అమ్ముతారు. పాత లెక్కలో నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. ఈ కొలతల స్థానంలో మెట్రిక్ పద్ధతి 1956 నాటి చట్టంతో వచ్చినా, డబ్బా కొలత సంతను విడిచిపోలేదు. కొలతపాత్ర అడుగు లోపలికి నొక్కుకుపోయి ఉంటే, లేదా సరుకును గుమ్మటంగా పోయకుండా అంచుకు గీసి పోస్తే, ధర అదే ఉన్నా సరుకు తగ్గుతుంది. దీనికి తేలికైన విరుగుడు ఉంది: అలవాటుగా కొనే పోగును ఒక్కసారి పక్కనున్న కాటా మీద పెట్టి చూసుకుంటే, ఇరవై రూపాయల పోగు 150 గ్రాములే తూగిందనుకుంటే, కిలోకు 133 రూపాయలు పడుతున్నట్టు తెలుస్తుంది, అదే సరుకు నాలుగు అడుగుల అవతల కిలో 80కి దొరుకుతూ ఉండవచ్చు. పోగు ధర చిన్న అంకె కావడం వల్ల అది చవకగా వినబడుతుంది, అంతే.

ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక మోసం పోయిందనుకోవడం సరికాదు. సరుకు పెట్టకముందు కాటా సున్నా చూపిస్తున్నదో లేదో చూడటం, మిఠాయి దుకాణంలో అట్టపెట్టె బరువు మినహాయించమనడం, తూనికలు కొలతల శాఖ వేసే ముద్ర కాటాకు ఉన్నదో లేదో గమనించడం కొనుగోలుదారు హక్కులే. ఈ కాటాలను ఏడాదికొకసారి తనిఖీ చేయించి ముద్ర వేయించుకోవాలన్నది నియమం. ఇంట్లో ఒక కిలో ఉప్పు పొట్లం విప్పకుండా ఉంచుకుని, అనుమానం ఉన్న కాటా మీద దాన్ని పెట్టి చూపమని మర్యాదగా అడిగితే, వాదన లేకుండానే విషయం తేలిపోతుంది.

తూకానికి సంబంధించి నూనె ఒక ప్రత్యేకమైన చిక్కును తెచ్చిపెడుతుంది. వంటనూనె నీటికన్నా తేలిక. లీటరు నూనె సుమారు 910 గ్రాములే తూగుతుంది. పొట్లం నూనె లీటరు లెక్కన, గానుగ దగ్గర విడి నూనె కిలో లెక్కన అమ్ముడవుతున్నప్పుడు ఈ రెండు ధరలనూ నేరుగా పోల్చకూడదు. లీటరు 150 రూపాయల పొట్లం కిలోకు దాదాపు 165 రూపాయలు పడినట్టు లెక్క, కనుక కిలో 155 రూపాయల విడి నూనె వినడానికి ప్రియంగా ఉన్నా నిజానికి చవక. నాణ్యత సంగతి వేరే చూసుకోవాలి. ఈ ఒక్క లెక్క తెలియకపోవడం వల్ల ఏడాది పొడవునా నష్టపోయే కుటుంబాలు ఉన్నాయంటే ఆశ్చర్యపోనక్కరలేదు.

బేరం మొదలుపెట్టే తీరులో మొదటి అంకెకు ఉన్న బలాన్ని గుర్తించాలి. ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1974లో ప్రచురించిన పరిశోధనలో, విషయంతో ఏ సంబంధమూ లేని అంకె చెవిన పడినా మనిషి అంచనా ఆ అంకె వైపే లాగబడుతుందని చూపారు. దీన్ని లంగరు ప్రభావం అంటారు. బట్టల దుకాణాల్లో ఆషాఢం తగ్గింపుల సమయంలో చీర మీద 2,400 అని అచ్చువేసి, దాన్ని కొట్టివేసి 1,200 అని రాయడం ఈ ప్రభావం ఆధారంగానే జరుగుతుంది. చూసేవారి మనసు ఆదా అయిందనుకున్న 1,200 మీద నిలుస్తుంది గాని, ఆ చీర 1,200 చేస్తుందా అన్న ప్రశ్న మీద నిలవదు. దీనికి రక్షణ ఒక్కటే: దుకాణంలోకి వెళ్లకముందే పై ధరను నిర్ణయించుకుని, వీలైతే చీటీ మీద రాసుకోవడం. సంతలో కూడా అమ్మేవారు చెప్పిన ధరలో సగానికి అడగాలన్న పాత సూత్రాన్ని గుడ్డిగా పాటించకూడదు, ఎందుకంటే ఆ సగం కూడా వారు వేసిన లంగరుకు కట్టుబడినదే. పైగా నిజాయతీగా ధర చెప్పినవారిని అది అవమానిస్తుంది. ఆ వారం ధర ఎంతో రైతుబజారు బోర్డు మీదో, ఇద్దరు ముగ్గురు అమ్మకందారుల నోటనో తెలుసుకుని, దాని నుంచి లెక్క మొదలుపెట్టడం న్యాయమైన పద్ధతి. 1999 జనవరి 26న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన రైతుబజార్లు కూరగాయల ధరలను రోజూ బోర్డు మీద రాయడం ద్వారా అక్కడ కొననివారికి కూడా ఈ మేలు చేశాయి.

సంభాషణలో మర్యాద వ్యర్థమైన అలంకారం కాదు. "అక్కా, కిలో ఎట్ల ఇస్తున్నవ్?" అని అడిగినవారికీ, సరుకును కాలితో చూపి "ఎంత?" అన్నవారికీ ఒకే ధర రాదు. సరుకును తక్కువ చేసి మాట్లాడటం అనేకులు నేర్చుకున్న పద్ధతే గాని, పనికిరాని పద్ధతి. సరుకు బాగాలేదంటే మరి ఎందుకు కొంటున్నావన్న ప్రశ్నకు జవాబు ఉండదు. సరుకు మంచిదే గాని చేతిలో ఇంతే ఉందనడం, రెండు కిలోలు తీసుకుంటే ఎంతకిస్తారని అడగడం, ఆఖరు ధర చెప్పమనడం, ఆ తర్వాత కాసేపు మౌనంగా ఉండటం మేలు. ధర చెప్పిన వెంటనే మాట్లాడకుండా సరుకును పరిశీలిస్తూ నిలబడిన కొనుగోలుదారుతో అమ్మేవారే మళ్లీ మాట కలపడం తరచుగా జరుగుతుంది. అక్కడి నుంచి కదిలిపోవడం చివరి అస్త్రం. నిజంగా వెళ్లిపోవడానికి సిద్ధపడినవారికే అది పనిచేస్తుంది గనుక, తప్పక కొనవలసిన వస్తువు దగ్గర దాన్ని ప్రయోగించరాదు. ధర ఒప్పుకున్నాక మళ్లీ తగ్గించమనడం, తూచాక వెనక్కి ఇవ్వడం బేరపు నీతికి విరుద్ధం. పొద్దున్నే బోణీ బేరం పోగొట్టుకోవడానికి అమ్మేవారు ఇష్టపడరన్న నమ్మకం ఆధారంగా వారిని మరీ కిందికి లాగడం కూడా అటువంటిదే. కొనే ఉద్దేశం లేకుండా బోణీ వేళ బేరమాడకూడదన్న పెద్దల మాట నేటికీ సమంజసం.

ధర కదలనప్పుడు కొసరు అడగడం తెలుగు అంగళ్ల చక్కని మర్యాద. తూచిన తర్వాత పైన వేసే గుప్పెడు సరుకును కొసరు అంటారు. కూరల మీద కరివేపాకు రెబ్బలు, చేపల మీద ఒక చిన్న చేప, కుంకుడుకాయల మీద మరో దోసెడు. అమ్మేవారికి దీనిలో నష్టం తక్కువ, ధర నిలబడిందన్న తృప్తి ఎక్కువ. పక్కన నిలబడిన మరో కొనుగోలుదారుకు ధర తగ్గినట్టు వినబడదు కూడా. వాడుక అంటే ఒకే దుకాణంతో ఏళ్ల తరబడి కొనసాగే సంబంధం. దాని నుంచి వచ్చే లాభం ఇంకా పెద్దది. పుచ్చిన పప్పు వెనక్కి తీసుకోవడం, కొత్త సరుకు వచ్చినప్పుడు కబురు చెప్పడం, కరవులో సరుకు దాచి ఉంచడం ధరలో కనబడని ప్రయోజనాలు. అయినా వాడుక దుకాణంలో కూడా ఏడాదికి ఒకటి రెండుసార్లు బయటి ధరలతో పోల్చి చూసుకోవడం అవసరం. నమ్మకం లెక్కకు అడ్డు కాకూడదు.

కాలాన్ని గమనించి కొనడం బేరం కన్నా ఎక్కువ మిగులుస్తుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కొత్త చింతపండు, ఎండుమిర్చి వచ్చే రోజుల్లో ఏడాది సరుకు కొని పెట్టుకునే అలవాటు ఈ ప్రాంతపు ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. చింతపండులో పిక్క ఉన్నదా తీసినదా, మిర్చిలో తేమ ఎంత ఉన్నది అన్నవి ధరకన్నా ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే పిక్కకూ నీటికీ డబ్బు కట్టినవారికి కిలో ధర ఎంత తగ్గినా లాభం లేదు. తేనె విషయంలో మాత్రం నీటి గ్లాసులో చుక్క వేసి చూడటం, వత్తికి అంటించి వెలిగించడం వంటి ఇంటి పరీక్షలను నమ్మకూడదు. అవి కల్తీని పట్టలేవు. గిరిజన సహకార సంస్థ అమ్మే తేనెను కొనడమో, తెలిసిన సేకరణదారు దగ్గర కొనడమో మేలు.

సేకరణదారు మాట రావడంతో బేరం ఎక్కడ ఆపాలన్న ప్రశ్న ముందుకు వస్తుంది. ఇప్పపువ్వు, కుంకుడుకాయలు, చీపుర్లు, తేనె, వెదురు బుట్టలు తెచ్చి అమ్మే గిరిజన మహిళకు సంత ముగిసేలోపు సరుకు వదిలించుకోక తప్పని స్థితి ఉంటుంది. గూడేనికి తిరిగి మోసుకుపోవడం కష్టం, ఆఖరు బస్సు ఆగదు, ఆ డబ్బుతోనే ఉప్పూ నూనే కొనాలి. సాయంత్రం దాకా ఆగి ఆమె సరుకును మూడో వంతు ధరకు అడిగేవారు దాన్ని తమ చాకచక్యంగా భావిస్తారు. ఆమె అడుగు ధర తగ్గింది శ్రమ తగ్గినందువల్ల కాదు, అవసరం మెడ మీద కూర్చున్నందువల్ల. అటువంటి జాగాను పంచుకోవడం బేరం పేరుతో జరిగే అన్యాయం. ఈ అన్యాయానికి పొడవైన చరిత్ర ఉంది. నిజాం కాలంలో గోదావరి లోయ కొండరెడ్ల మధ్య తిరిగి, 1945లో వారిపై గ్రంథం ప్రచురించిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్, కలప వర్తకుల అప్పుల్లో చిక్కుకుని తరతరాలు కూలికి బందీలైన కుటుంబాలను వర్ణించాడు. ఇటువంటి దోపిడీకి విరుగుడుగానే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 1979లో షెడ్యూలు ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపారాన్ని నియంత్రిస్తూ ప్రత్యేక నిబంధన వచ్చింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆ ఉత్పత్తులపై యాజమాన్యాన్ని అడవి వాసులకే ఇచ్చింది. ఇంత చట్టం ఉన్నా, బుట్ట ముందు కూర్చున్న మనిషికి న్యాయం జరగడం, జరగకపోవడం ఎదురుగా నిలబడిన కొనుగోలుదారు చేతిలోనే ఉంటుంది. గిరిజన సహకార సంస్థ ఆ సరుకుకు ప్రకటించిన కొనుగోలు ధర ఎంతో తెలుసుకుని, అంతకు తగ్గించి అడగకుండా ఉండటం కనీస ధర్మం.

అదే మహిళ మరుక్షణం కిరాణా దుకాణంలో కొనుగోలుదారుగా నిలబడినప్పుడు పరిస్థితి తిరగబడుతుంది. అమెరికాలోని షికాగో ప్రాంతపు కార్ల దుకాణాల్లో ఇయన్ ఎయిర్స్ అనే పరిశోధకుడు జరిపి 1991లో ప్రచురించిన పరిశీలనలో, ఒకే పద్ధతిలో, ఒకే మాటలతో బేరమాడటానికి శిక్షణ పొందినవారిలో తెల్ల పురుషుల కన్నా స్త్రీలకూ నల్లజాతివారికీ ఎక్కువ ధరలు చెప్పినట్టు తేలింది. అంటే ధర మనిషి మాట మీదనే కాక, ఆ మనిషి గురించి అమ్మేవాడు చేసుకున్న ఊహ మీద కూడా ఆధారపడుతుంది. లెక్క తెలియదని, మళ్లీ వేరే దుకాణానికి పోలేరని ఊహించిన వారికి ధర పెంచి చెప్పే అలవాటు ఏ దేశానికీ ప్రత్యేకం కాదు. దీనికి గూడెంలోనూ తండాలోనూ పనికొచ్చే మార్గం, స్వయం సహాయక సంఘంలోని పదిమంది కలిసి పప్పు, నూనె, సబ్బులు ఒకేసారి టోకుగా కొనడం. పదిళ్ల చీటీ పట్టుకుని వచ్చిన మనిషిని ఏ దుకాణదారూ తేలికగా చూడడు. అచ్చు ధరకు మించి అడిగినప్పుడు, తూకంలో మోసం జరిగినప్పుడు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు.

చివరగా, ఈ ప్రాంతపు కుటుంబానికి అన్నిటికన్నా ఖరీదైన కొనుగోలు గురించి చెప్పాలి: అరువు మీద తెచ్చే విత్తనాలు, ఎరువులు, మందులు. పత్తి విత్తన పొట్లానికి కేంద్రం గరిష్ట ధర నిర్ణయిస్తుంది, 45 కిలోల యూరియా బస్తా ధర 266 రూపాయల 50 పైసలుగా ఖరారై ఉంది. కనుక వీటి దగ్గర బేరం ధర మీద కాక అరువు షరతుల మీద నడవాలి. నగదుకు 10,000 రూపాయల సరుకును ఆరు నెలల అరువుకు 11,200 అని రాస్తే, అది నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ, ఏడాదికి 24 శాతం. పంటను ఆ దుకాణదారుకే అమ్మాలన్న షరతు కూడా ఉంటే లెక్క మరోలా తేలుతుంది. బయట క్వింటాలు 7,000 పలికే పత్తిని వంద రూపాయలు తగ్గించి, క్వింటాలుకు రెండు కిలోల తరుగు తీసి కొన్నారనుకుంటే, క్వింటాలుకు 238 రూపాయలు, ఇరవై క్వింటాళ్లకు 4,760 రూపాయలు రైతు చేయి జారిపోతాయి. వడ్డీతో కలిపితే పదివేల అరువుకు ఆరు నెలల్లో 5,960 రూపాయలు, అంటే నూటికి నెలకు దాదాపు పది రూపాయలు. ఖాతా పుస్తకంలో రెండు రూపాయల వడ్డీ అని మాత్రమే రాసి ఉంటుంది. మిగతా ఎనిమిదీ కాటా దగ్గర పోతాయి.

ఈ లెక్కను వానాకాలం మొదలయ్యే ముందే కాగితం మీద వేసి చూసుకోవాలి. నగదు ధర ఎంత, అరువు ధర ఎంత అని రెండూ విడిగా అడగాలి. పంట ఎవరికైనా అమ్ముకునే స్వేచ్ఛ ఉంటుందని ముందే మాట తీసుకోవాలి. లాట్ నంబరుతో సహా రసీదు తప్పక పుచ్చుకోవాలి, ఎందుకంటే విత్తనం మొలవకపోతే నష్టపరిహారం అడగడానికి ఆ కాగితమే ఆధారం. పట్టా ఉన్న రైతులూ, అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టా పొందినవారూ బ్యాంకుకు వెళ్లి 1998 నుంచి అమల్లో ఉన్న కిసాన్ క్రెడిట్ కార్డు అడగాలి. గడువులోగా కడితే 3 లక్షల రూపాయల వరకు పంట రుణానికి దాని మీద పడే వడ్డీ ఏడాదికి 4 శాతం.